కరెంటు కంపెనీల డబ్బు రాష్ట్ర ఎన్నికల్లోకి ఏ దారిన వస్తుంది? ఒహాయో, అరిజోనా కాగితాలు

గీతాధర్:
అమెరికాలో ఒహాయో హౌస్ బిల్ 6 కేసు (అణు కేంద్రాలకు సబ్సిడీ ఇచ్చే చట్టం కోసం ఫస్ట్‌ఎనర్జీ అనే కరెంటు కంపెనీ రాష్ట్ర సభ స్పీకర్‌కు డబ్బిచ్చిన కేసు) గురించి "ఆరు కోట్ల డాలర్ల లంచం" అన్న హెడ్‌లైన్ దాకా అందరికీ తెలుసు. ఆ డబ్బు కంపెనీ ఖాతా నుంచి ఓటరు ఇంటి టీవీ దాకా ఏ చేతులు మారింది, ఏ దశలో ఏ కాగితం బయటికి వచ్చింది, అప్పటికి ఎన్నిక అయిపోయిందా లేదా అన్నది తెలుగులో ఎక్కడా వివరంగా దొరకడం లేదు. రాష్ట్ర ఎన్నికల ఖర్చు ఫైళ్లు, కంపెనీ లెక్కలు చదివే అలవాటున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఈ దారం మొదలుపెడుతున్నాను. ఏ పార్టీ మంచిది అన్న చర్చ వద్దు. ఈ కేసులో రెండు పార్టీల ఓట్లూ ఉన్నాయి.

తీగలాగు:
ముందు తేదీలు వరుసలో పెట్టుకుంటే సగం అర్థమవుతుంది.

ఫస్ట్‌ఎనర్జీ అక్రన్ నగరంలోని కంపెనీ. దాని అనుబంధ సంస్థ ఫస్ట్‌ఎనర్జీ సొల్యూషన్స్ కింద ఎరీ సరస్సు ఒడ్డున డేవిస్-బెస్సీ, పెర్రీ అనే రెండు అణు విద్యుత్ కేంద్రాలు ఉండేవి. గ్యాస్ చవకయ్యాక టోకు మార్కెట్లో కరెంటు రేటు పడిపోయి అవి గిట్టుబాటు కాలేదు. 2018 మార్చి 31న ఆ అనుబంధ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. అంటే రాష్ట్ర ప్రభుత్వం నుంచి సబ్సిడీ చట్టం రాకపోతే కథ ముగిసినట్టే.

ఇటు లారీ హౌస్‌హోల్డర్. 2001 నుంచి 2004 దాకా ఒహాయో హౌస్ స్పీకర్. తర్వాత పక్కకు వెళ్లి, 2016లో మళ్లీ గెలిచి 2017 జనవరిలో సభలోకి వచ్చారు. ఆ నెలలోనే ఫస్ట్‌ఎనర్జీ విమానంలో అధ్యక్షుడి ప్రమాణస్వీకారానికి వాషింగ్టన్ వెళ్లారు. ఫిబ్రవరిలో జనరేషన్ నౌ అనే లాభాపేక్ష లేని సంస్థ రిజిస్టర్ అయింది. మార్చి నుంచి దానికి ఫస్ట్‌ఎనర్జీ మూడు నెలలకోసారి రెండున్నర లక్షల డాలర్లు పంపడం మొదలుపెట్టింది. బిల్లు సభ ముందుకు వచ్చింది 2019 ఏప్రిల్‌లో. అంటే డబ్బు బిల్లు కంటే రెండేళ్లు ముందు నడిచింది.

ఆ రెండేళ్లలో ఏం చేశారన్నదే అసలు విషయం. ఒహాయో హౌస్‌లో 99 సీట్లు. స్పీకర్‌ని ఎన్నుకునేది ఆ సభ్యులే. కాబట్టి రాష్ట్రమంతా గెలవక్కర్లేదు, స్పీకర్ ఎన్నికలో తనకు చెయ్యెత్తే మనుషులు సరిపడా ఉంటే చాలు. 2018 మే 8 ప్రైమరీల్లో (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలు) "టీమ్ హౌస్‌హోల్డర్" అభ్యర్థులకు డబ్బు పోసింది ఇందుకే. ప్రైమరీలో ఓటింగ్ తక్కువ, పోటీదారుడి బడ్జెట్ చిన్నది. అక్కడ రెండు వారాల టీవీ, పోస్టు కరపత్రాలు పడితే ఫలితం తిరగబడుతుంది. సాధారణ ఎన్నికల్లో అదే మొత్తం ఖర్చు పెట్టినా సోదిలోకి రాదు. 2019 జనవరి 7న 52-46 ఓట్లతో ఆయన స్పీకర్ అయ్యారు. ఆ 52లో 26 మంది రిపబ్లికన్లు, 26 మంది డెమొక్రాట్లు.

జూలై 23న బిల్లు చట్టమైంది. అణు కేంద్రాలకు ఏడాదికి 15 కోట్ల డాలర్లు, 2021 నుంచి 2027 దాకా. పైగా ఒహాయో వ్యాలీ ఎలక్ట్రిక్ కార్పొరేషన్ వారి రెండు పాత బొగ్గు కేంద్రాలకు విడిగా వసూలు. అందులో ఒకటి, క్లిఫ్టీ క్రీక్, అసలు ఒహాయోలోనే లేదు, పక్క రాష్ట్రం ఇండియానాలో ఉంది. పునరుత్పాదక విద్యుత్ లక్ష్యం 12.5 శాతం నుంచి 8.5కి దిగింది, ఇంధన పొదుపు లక్ష్యాలు రద్దయ్యాయి.

లెక్క వేసుకోండి. పెట్టింది సుమారు 6 కోట్లు. ఒక్క అణు సబ్సిడీయే ఏడేళ్లకు 105 కోట్లు.

సాంబయ్య:
తీగలాగు గారూ, వరుస బాగుంది. ఒక సందేహం. అమెరికాలో కంపెనీలు ఇలాంటి సంస్థలకు డబ్బివ్వడం చట్టబద్ధమే కదా? 2010 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అడ్డేముంది? మరి ఇది లంచం ఎలా అయింది? రేపు ఇంకో కంపెనీ ఇదే పని కాస్త జాగ్రత్తగా చేస్తే తప్పు కాదా?

న్యాయపథం:
సాంబయ్య గారూ, మీ ఆఖరి ప్రశ్నకు జవాబు: చాలావరకు తప్పు కాదు. నన్ను బాధపెట్టేది అదే.

కాస్త విడదీసి చెప్తాను. ఒహాయో చట్టం ప్రకారం కార్పొరేషన్ నేరుగా అభ్యర్థికి చందా ఇవ్వకూడదు. వ్యక్తులు ఇచ్చే చందాకూ పరిమితి ఉంది, ఆ సమయంలో ఒక్కో ఎన్నికకు సుమారు 12,700 డాలర్లు. కానీ సిటిజన్స్ యునైటెడ్ తీర్పు (2010 జనవరి 21, 5-4) ప్రకారం అభ్యర్థితో కలవకుండా విడిగా చేసే ఖర్చుకు పరిమితి పెట్టడానికి లేదు. పన్ను చట్టంలో 501(సి)(4) కింద నమోదైన "సాంఘిక సంక్షేమ" సంస్థ అలాంటి ఖర్చు చేయవచ్చు, తన దాతల పేర్లు ప్రజలకు చెప్పనవసరం లేదు. 2020 నుంచి ఆ పేర్లను ఆదాయపు పన్ను శాఖకు కూడా పంపనక్కర్లేదు.

నేరం అయ్యేది ఎక్కడంటే, డబ్బుకీ ప్రభుత్వ పనికీ మధ్య స్పష్టమైన ఇచ్చిపుచ్చుకోవడం రుజువైనప్పుడు. 1991 సుప్రీంకోర్టు మెక్‌కార్మిక్ తీర్పు నుంచి ఎన్నికల చందాల విషయంలో ఈ గీత చాలా గట్టిగా ఉంది. "వాళ్లు ఇచ్చారు, తర్వాత ఆయన ఓటేశారు" అంటే చాలదు. "ఇది చేస్తే ఇది ఇస్తాం" అన్న ఒప్పందం కనిపించాలి. ఒహాయోలో ప్రాసిక్యూటర్లకు అది దొరికింది: ఫోన్ సంభాషణల రికార్డులు, మెసేజీలు, బ్యాంకు కాగితాలు, లోపలివాళ్ల సాక్ష్యం. జనరేషన్ నౌ పేరుకు స్వతంత్ర సంస్థ, నడిపింది హౌస్‌హోల్డర్ మనుషులు. అందులోంచి 5 లక్షల డాలర్లకు పైగా ఆయన సొంతానికే వెళ్లింది. ఫ్లోరిడా ఇల్లు, క్రెడిట్ కార్డు బాకీలు. ఆ సొంత ఖర్చు లేకపోయి ఉంటే జ్యూరీ ముందు కేసు ఇంత తేలిగ్గా నిలబడేది కాదని నా అభిప్రాయం.

2020 జూలై 21న అరెస్టు. 2023 మార్చి 9న దోషిగా తీర్పు, జూన్ 29న 20 ఏళ్ల శిక్ష. మధ్యలో జరిగింది కూడా మర్చిపోకూడదు: 2020 నవంబర్‌లో, కేసు నడుస్తుండగానే, ఆ నియోజకవర్గం ఆయన్ని మళ్లీ గెలిపించింది. 2021 జూన్ 16న 75-21 ఓట్లతో సభే బహిష్కరించింది. ఫస్ట్‌ఎనర్జీ 2021 జూలైలో వాయిదా ప్రాసిక్యూషన్ ఒప్పందం (షరతులు పాటిస్తే కేసు కొట్టేసే ఒప్పందం) చేసుకుని 23 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది.

లెక్కల_పద్దు:
గీతాధర్ గారు అడిగిన "ఏ కాగితం ఎప్పుడు" అన్నదానికి వస్తాను.

501(సి)(4) సంస్థలు ఏటా ఫారం 990, అంటే పన్ను శాఖకు ఇచ్చే వార్షిక లెక్కల పత్రం, దాఖలు చేయాలి. గడువు ఆర్థిక సంవత్సరం ముగిశాక అయిదో నెల 15వ తేదీ. అడిగితే ఆరు నెలల పొడిగింపు, కారణం చెప్పనక్కర్లేదు. క్యాలెండర్ ఏడాది పాటించే సంస్థని తీసుకోండి. 2018 ప్రైమరీ మేలో అయింది. ఆ ఏడాది లెక్కల గడువు 2019 మే 15, పొడిగిస్తే నవంబర్ 15. ఈ లోపల ఏమేం జరిగిపోయాయి? స్పీకర్ ఎన్నిక జనవరిలో, చట్టం జూలైలో, ఆ చట్టంపై జనాభిప్రాయ సేకరణ కోసం సంతకాల గడువు అక్టోబర్ 21న. అన్నీ అయిపోయాక గానీ కాగితం బయటపడదు. చట్టాన్ని ఎక్కడా మీరకుండానే ఇది సాధ్యం.

ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగిసేలా పెట్టుకుంటే ఇంకా ఆలస్యం. 2024 నవంబర్ ఎన్నికల ఖర్చు 2025 జూన్‌తో ముగిసే ఏడాదిలో పడుతుంది. గడువు 2025 నవంబర్ 15, పొడిగింపుతో 2026 మే 15. పద్దెనిమిది నెలలు.

ఫారం దొరికాక మొదటి పేజీ చూసి వదిలేయకండి. చూడాల్సినవి వేరే ఉన్నాయి. షెడ్యూల్ ఐ: ఈ సంస్థ వేరే సంస్థలకు ఇచ్చిన 5,000 డాలర్లు దాటిన గ్రాంట్లు, పుచ్చుకున్నవాళ్ల పేరుతో సహా. దాతల పేర్లు దాచవచ్చు గానీ, తాను ఎవరికి ఇచ్చిందో దాచలేదు. కాబట్టి డబ్బు పుచ్చుకున్న సంస్థ ఫారంలో వెతికితే ఏమీ దొరకదు, ఇచ్చిన సంస్థ ఫారంలో వెతకాలి. షెడ్యూల్ సి: రాజకీయ ఖర్చు ఎంతని చెప్పుకున్నారో. ఏడో భాగం సెక్షన్ బి: లక్ష డాలర్లు దాటి పుచ్చుకున్న మొదటి అయిదుగురు కాంట్రాక్టర్లు. ప్రకటనల ఏజెన్సీ, కరపత్రాల ప్రింటరు ఇక్కడే కనిపిస్తారు. రెండు సంస్థల ఫారాల్లో అదే ఏజెన్సీ, అదే కోశాధికారి, అదే పోస్టు బాక్సు ఉంటే అక్కడ ఆగండి.

సంస్థ పేరుతో వెతికితే మోసపోతాం, ఒకే పేరుతో నాలుగైదు రాష్ట్రాల్లో ఉంటాయి. తొమ్మిదంకెల యజమాని గుర్తింపు సంఖ్యతో వెతకాలి. ఇంటర్నెట్‌లో లేకపోతే సంస్థకే లిఖితపూర్వకంగా రాయండి. గత మూడేళ్ల ఫారాల కాపీలు 30 రోజుల్లో ఇవ్వడం వాళ్ల బాధ్యత.

సాంబయ్య:
"సాంఘిక సంక్షేమమే ముఖ్యోద్దేశం" అన్న షరతు ఉంది కదా? రాజకీయానికి సగానికి మించి ఖర్చు పెట్టకూడదు అంటారు.

లెక్కల_పద్దు:
ఆ షరతును గొలుసు కట్టి దాటేస్తారు. మొదటి సంస్థకు వంద వచ్చిందనుకోండి. 49 రాజకీయానికి నేరుగా ఖర్చు పెడుతుంది. మిగతా 51ని "సాధారణ సహాయం" అని రెండో సంస్థకు గ్రాంటుగా ఇస్తుంది, దాని లెక్కలో అది సంక్షేమ ఖర్చు. రెండో సంస్థ ఆ 51లో 49 శాతం, అంటే 25, రాజకీయానికి పెట్టి, మిగతా 26 మూడోదానికి. అది అందులో 12 పైచిలుకు. మూడు మెట్లలో వందకు 86 దాకా ఎన్నికల్లో పడింది, ఏ ఒక్క సంస్థా సగం దాటలేదు. అందుకే షెడ్యూల్ ఐ ముందు చూడమన్నాను. ఒహాయోలోనూ పార్ట్‌నర్స్ ఫర్ ప్రోగ్రెస్ అనే సంస్థ మధ్యలో ఉంది. డెలావేర్‌లో రిజిస్టర్ అయింది, దానికి డబ్బు వచ్చింది ఫస్ట్‌ఎనర్జీ నుంచే.

అరుణ_వి:
ఎన్నికకు ముందే కనిపించేది ఒకటుంది, టీవీ స్టేషన్ల ఫైళ్లు. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ వెబ్‌సైట్లో ప్రతి స్టేషన్‌కీ ప్రజలు చూసుకోగలిగే ఫైలు ఉంటుంది. స్టేషన్ పేరు కొట్టి, పొలిటికల్ ఫైల్స్‌లోకి వెళ్లి, సంవత్సరం ఎంచుకుని, అభ్యర్థులు కానివాళ్ల ప్రకటనల ఫోల్డర్ తెరవండి. సంస్థ పేరుతో ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. లోపల ఆర్డర్ కాగితం: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ కార్యక్రమంలో ఎన్ని స్పాట్లు, స్పాటు రేటు, కొన్న ఏజెన్సీ, సంస్థ అధికారుల పేర్లు.

లెక్క తప్పేది ఇక్కడే, జాగ్రత్త. ఒకే కొనుగోలుకు ఆర్డర్, సవరించిన ఆర్డర్, మళ్లీ సవరణ, చివర ఇన్‌వాయిస్ నాలుగు కాగితాలుగా ఉంటాయి. అన్నీ కూడితే ఖర్చు మూడింతలు కనిపిస్తుంది. కాంట్రాక్టు నంబర్ చూసి ఆఖరి సవరణ ఒక్కటే తీసుకోవాలి. మొత్తం రెండు రకాలుగా రాస్తారు: గ్రాస్‌లో ఏజెన్సీ కమిషన్ (మామూలుగా 15 శాతం) కలిసి ఉంటుంది, నెట్‌లో ఉండదు. ఒక స్టేషన్ గ్రాస్, ఇంకో స్టేషన్ నెట్ కలిపి కూడొద్దు.

ఇంకో పెద్ద చిల్లు. రేట్లు, తేదీలతో పూర్తి రికార్డు పెట్టాలన్న నిబంధన "జాతీయ ప్రాధాన్యం ఉన్న రాజకీయ విషయాలకు". రాష్ట్ర శాసనసభ సీటు మీదో, రాష్ట్ర బిల్లు మీదో వేరే సంస్థ వేసే ప్రకటనకు చట్టం అడిగేది సంస్థ డైరెక్టర్ల జాబితా మాత్రమే. చాలా స్టేషన్లు అన్నీ ఎక్కిస్తాయి, కొన్ని ఎక్కించవు. ఫైలు ఖాళీగా ఉంటే ప్రకటన రాలేదని అర్థం కాదు. పోస్టులో వచ్చే కరపత్రాలకు, ఫోన్ మెసేజీలకు ఇలాంటి ఫైలే లేదు. ప్రైమరీల్లో ఎక్కువ పని చేసేది కరపత్రాలే, అది గుర్తుంచుకోండి.

తీగలాగు:
అరుణ గారు చెప్పినదానికి ఒహాయో సంతకాల గొడవ మంచి ఉదాహరణ. ఎన్నికల ఖర్చు అంటే అభ్యర్థులే గుర్తొస్తారు గానీ, ఈ కేసులో అన్నిటికంటే పెద్ద మొత్తం అక్కడే పోయింది. చట్టం వచ్చాక మూడు నెలల్లో 3 కోట్ల 80 లక్షల డాలర్లకు పైగా.

ఒహాయోలో ఒక చట్టాన్ని జనం ఓటుకు పెట్టాలంటే: ముందు వెయ్యి సంతకాలతో సారాంశాన్ని అటార్నీ జనరల్‌కి ఇవ్వాలి. ఆమోదం వచ్చాకే అసలు సేకరణ. గత గవర్నర్ ఎన్నికలో పడిన ఓట్లలో 6 శాతం సంతకాలు కావాలి, అప్పట్లో 2,65,774. అవి 88 కౌంటీల్లో కనీసం 44 నుంచి రావాలి, ఒక్కో కౌంటీలో 3 శాతం చొప్పున. మొత్తానికి 90 రోజులు. ఆమోదం కోసం ఎదురుచూసే రోజులు కూడా ఆ 90లోనే పోతాయి. మొదటి సారాంశాన్ని తప్పులున్నాయని తిప్పి పంపారు, రెండోది ఆమోదం పొందేసరికి ఆగస్టు చివర. నెలకు పైగా కాలం అలాగే కరిగిపోయింది.

మిగిలిన కాలాన్ని డబ్బుతో కొన్నారు. సంతకాలు సేకరించే కంపెనీలు దేశంలో కొన్నే ఉంటాయి. చట్టాన్ని కాపాడుకోవాలన్న పక్షం వాటితో ముందే ఒప్పందం చేసుకుని ఆ పనికి దొరక్కుండా చేసింది. రోడ్డు మీద సంతకాలు అడిగేవాళ్ల పక్కన మనుషుల్ని నిలబెట్టి అడ్డగించారు. పని మానేసి ఊరు వెళ్లిపోతే డబ్బిస్తామన్నారు. చైనా ప్రభుత్వం మన కరెంటు గ్రిడ్‌లోకి వస్తోందని టీవీలో, కరపత్రాల్లో ప్రచారం చేశారు. లోపలి సమాచారం కోసం సంతకాల ఉద్యమంలోని ఒక ఉద్యోగికి 15,000 డాలర్ల చెక్కు ఇచ్చారు. ఆ ఉద్యోగి అప్పటికే ఎఫ్‌బీఐకి చెప్పేశాడు. తీగ లాగితే డొంక కదలడం అంటే అదే. ఇంకోవైపు ఆ సబ్సిడీ కోసం కస్టమర్ల బిల్లులో వేసే వసూలు "పన్ను" కాబట్టి ఒహాయో రాజ్యాంగం ప్రకారం దానిమీద ఓటింగే కుదరదని కోర్టులో కేసు. అసెంబ్లీలో బిల్లు నడిచినప్పుడు మాత్రం అది పన్ను కాదనే వాదించారు.

సంతకాలు చాల్లేదు. చట్టం ఓటు దాకా రాలేదు.

మాధవి_ఎస్:
అరిజోనా సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఒహాయోలో కరెంటు రేట్లు నిర్ణయించే కమిషన్ సభ్యుల్ని గవర్నర్ నియమిస్తారు. అరిజోనా కార్పొరేషన్ కమిషన్‌లో అయిదుగురినీ ప్రజలే ఎన్నుకుంటారు, రాష్ట్ర రాజ్యాంగమే దానికి అధికారం ఇచ్చింది. అంటే రేటు ఎంతో చెప్పే న్యాయనిర్ణేతను, రేటు అడిగే కంపెనీయే ఎన్నికల్లో గెలిపించుకునే వీలుంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అన్న సామెత ఇంత అక్షరాలా సరిపోయే చోటు ఇంకొకటి నాకు తెలీదు.

2014లో రెండు సీట్లకు ఎన్నిక. టామ్ ఫోరీస్, డగ్ లిటిల్ గెలిచారు. వాళ్లకు అనుకూలంగా బయటి సంస్థలు లక్షలు పోశాయి. అది అక్కడి కరెంటు కంపెనీ అరిజోనా పబ్లిక్ సర్వీస్ డబ్బేనా అని అడిగితే కంపెనీ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. కమిషనర్ బాబ్ బర్న్స్ 2016లో సమన్లు ఇచ్చారు, కంపెనీ కోర్టుకెళ్లింది, తోటి కమిషనర్లే ఆయనకు తోడు రాలేదు. 2018 ఎన్నికల తర్వాత కమిషన్ మారి, మళ్లీ సమన్లు వెళ్లాక, 2019 మార్చిలో కాగితాలు బయటికొచ్చాయి: 2014లో పెట్టింది 1 కోటి 7 లక్షల డాలర్లు. ఓటు వేసినవాళ్లకు ఆ విషయం తెలియడానికి నాలుగున్నర ఏళ్లు పట్టింది. ఆ లోపల 2017లో రేటు పెంపు ఆమోదం పొందింది.

ఇక్కడ ఎవరి మీదా లంచం కేసు రుజువు కాలేదు, దాన్ని దానిగానే చూడాలి. న్యాయపథం గారు చెప్పిన గీతకు ఇవతలే ఉంది ఇదంతా.

2016 నుంచి కంపెనీ మాతృసంస్థ పినాకిల్ వెస్ట్ బాహాటంగానే ఖర్చు పెట్టింది. 2018లో 2030 కల్లా 50 శాతం పునరుత్పాదక విద్యుత్ కావాలన్న ప్రొపొజిషన్ 127 (నేరుగా ఓటర్ల ముందు పెట్టిన ప్రతిపాదన) మీద వ్యతిరేకంగా 3 కోట్ల 70 లక్షలకు పైగా పెట్టింది. అనుకూలంగా కాలిఫోర్నియా ధనికుడు టామ్ స్టేయర్ తరఫున 2 కోట్ల 30 లక్షలకు పైగా. ప్రతిపాదన చిత్తుగా ఓడింది.

సాంబయ్య:
మాధవి గారూ, రెండో అంకె మీరే చెప్పారు కాబట్టి అడుగుతున్నా. ఒక ధనికుడు పెడితే ఉద్యమం, కంపెనీ పెడితే అవినీతా? కంపెనీ కూడా "ఇది వాటాదారుల డబ్బు, కస్టమర్ల బిల్లులోది కాదు" అనే అంటుంది. లెక్కల్లో విడిగా చూపిస్తే అభ్యంతరం ఏముంటుంది?

మాధవి_ఎస్:
వర్జీనియాలో కూడా ఇదే ప్రశ్న వచ్చింది. అక్కడ చందాలకు పరిమితే లేదు, కంపెనీలు నేరుగా అభ్యర్థులకే ఇవ్వవచ్చు. అక్కడి కరెంటు కంపెనీ డొమినియన్ ఎనర్జీ దశాబ్దాలుగా రెండు పార్టీలకూ ఇచ్చింది. 2018లో మైకేల్ బిల్స్ అనే పెట్టుబడిదారు క్లీన్ వర్జీనియా అనే సంస్థ పెట్టి, డొమినియన్ డబ్బు తీసుకోనని మాటిచ్చిన అభ్యర్థులకు తాను ఇస్తానన్నారు. ఒకే ధనికుడి మీద ఆధారపడటం నాకూ నచ్చదు. కానీ ఒక తేడా ఉంది. ఆ ధనికుడి డబ్బు నచ్చకపోతే నేను ఆయన దగ్గర ఏమీ కొనక్కర్లేదు. కరెంటు కంపెనీ గుత్తాధిపత్య సంస్థ, దాని కస్టమర్ ఇంకో చోటికి పోలేడు. అందుకే 1935 పబ్లిక్ యుటిలిటీ హోల్డింగ్ కంపెనీ చట్టంలో అలాంటి హోల్డింగ్ కంపెనీలు రాజకీయ చందాలు ఇవ్వకూడదని రాశారు. 2005 ఎనర్జీ పాలసీ చట్టంతో అది రద్దయింది.

లెక్కల_పద్దు:
సాంబయ్య గారి రెండో ప్రశ్నకు నేను చెప్తాను, ఎందుకంటే "విడిగా చూపిస్తే" అన్న మాటలోనే అంతా ఉంది.

ఫెడరల్ ఇంధన నియంత్రణ కమిషన్ ఖాతాల పద్ధతిలో 426.4 అని ఒక ఖాతా ఉంది. పౌర, రాజకీయ, తత్సంబంధ ఖర్చులు అందులో వేయాలి. అది "గీత కింద" ఖాతా, అంటే రేటు లెక్కలోకి రాదు. ఏటా ఏప్రిల్ 18 కల్లా దాఖలు చేసే ఫారం 1లో ఆ అంకె కనిపిస్తుంది. కంపెనీ చెప్పే "వాటాదారుల డబ్బు" అంటే ఇదే.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, బిల్లు ఆ ఖాతాకు చేరకపోవడంలో. కన్సల్టెంట్ ఇన్‌వాయిస్ "బయటి సేవలు" అని వస్తే 923 ఖాతాలో పడుతుంది, అది రేటు లెక్కలోది. ఉద్యోగి జీతంలో లాబీయింగ్ (చట్టసభలపై ఒత్తిడి తెచ్చే పని) సమయాన్ని విడదీయకపోతే 920 అనే జీతాల ఖాతాలో ఉండిపోతుంది, అదీ రేటు లెక్కలోదే. అన్నిటికంటే చెడ్డది, ఓవర్‌హెడ్ కింద నిర్మాణ ఖర్చులో కలిసిపోవడం. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఆడిట్‌లో ఫస్ట్‌ఎనర్జీ లాబీయింగ్ ఖర్చులు కొన్ని ఇలా తప్పు ఖాతాల్లో పడ్డాయని తేలింది.

నిర్మాణ ఖాతా ఎందుకంత చెడ్డదో ఒక ఉదాహరణ. 10 లక్షల డాలర్లు మామూలు ఖర్చు ఖాతాలో పడితే కస్టమర్లు 10 లక్షలు కడతారు. అదే ఆస్తి ఖాతాలో పడి, 30 ఏళ్ల తరుగుదల, మిగులు మీద 7 శాతం రాబడి అనుకుంటే, రాబడి ఒక్కటే సుమారు 10 లక్షల 85 వేలు. అసలుతో కలిపి 20 లక్షల 85 వేలు, ముప్పై ఏళ్ల పాటు. ఆ ఎన్నికలో ఓటే లేని పిల్లలు కూడా పెద్దయ్యాక దాన్ని కడుతూ ఉంటారు.

కమిషన్ ముందు రేటు కేసు వచ్చినప్పుడు వినియోగదారుల తరఫువాళ్లు అడగాల్సింది మొత్తం కాదు, ఇన్‌వాయిస్ స్థాయి వివరం: 923, 930.1 (సాధారణ ప్రకటనలు), 930.2 (ఇతర సాధారణ ఖర్చులు) ఖాతాల్లో ఒక్కో విక్రేత పేరు, పని వివరణ, ఆమోదించిన అధికారి. వాణిజ్య సంఘాల చందాల్లో లాబీయింగ్ శాతం ఎంతో విడిగా అడగాలి. "గోప్యం" అన్న జవాబొస్తే రక్షణ ఉత్తర్వు కింద (బయటపెట్టకూడదన్న షరతుతో) ఇవ్వమని కోరాలి, వదిలేయకూడదు. 2023లో కొలరాడో, కనెక్టికట్, మెయిన్ రాష్ట్రాలు ఇలాంటి ఖర్చులను బిల్లులో వేయకుండా చట్టాలు చేశాయి.

న్యాయపథం:
అరిజోనా ఓటర్లు 2022లో ఆమోదించిన ప్రొపొజిషన్ 211 కూడా చదవండి. దాదాపు 72 శాతం మద్దతు. రాష్ట్రస్థాయి ప్రచారంలో 50,000 డాలర్లు దాటి ఖర్చు పెట్టేవాళ్లు, 5,000 దాటిన డబ్బుకు *మొదటి* మూలం ఎవరో చెప్పాలి. మధ్యలో ఎన్ని సంస్థలున్నా వాటిని దాటుకుని వెనక్కి వెళ్లాలి. దాత డబ్బును ప్రచారానికి వాడే ముందు నోటీసు ఇచ్చి, కాదనడానికి 21 రోజులు ఇవ్వాలి. లెక్కల పద్దు గారు చూపించిన గొలుసుకు ఇది సరైన విరుగుడని నా నమ్మకం, ఎందుకంటే ఇది మెట్ల సంఖ్యను పట్టించుకోదు.

అయితే ఇది ఖర్చును ఆపదు, పేరు బయటపెడుతుందంతే.

అరుణ_వి:
పేరు బయటపడకపోతే ఏమవుతుందో ఫ్లోరిడా 2020 చూడండి. సెనేట్ 37వ జిల్లాలో హోసే హావియర్ రోడ్రిగెజ్ 32 ఓట్లతో ఓడారు. అదే ఇంటిపేరున్న, ఏ ప్రచారమూ చేయని మూడో అభ్యర్థికి 6,000 పైచిలుకు ఓట్లు. ఆ అభ్యర్థి తర్వాత నేరం ఒప్పుకున్నాడు, నిలబెట్టిన మాజీ సెనేటర్ ఫ్రాంక్ ఆర్టీలెస్‌ని 2024లో జ్యూరీ దోషిగా తేల్చింది. కరపత్రాల డబ్బు దారిలో కరెంటు కంపెనీ ఫ్లోరిడా పవర్ అండ్ లైట్‌కు పనిచేసిన కన్సల్టెంట్ల పేర్లు పత్రికల్లో వచ్చాయి. కంపెనీ తమకు సంబంధం లేదంది, దాని మీద కేసు లేదు. 32 ఓట్ల తేడాలో ఏ కరపత్రం ఎంత పనిచేసిందో ఇప్పుడెవరు తేల్చగలరు?

గీతాధర్:
అందరికీ కృతజ్ఞతలు. మిగిలిన ప్రశ్న ఒక్కటే. స్పీకర్ జైలుకెళ్లాడు, కంపెనీ జరిమానా కట్టింది. ఆ చట్టం సంగతేమైంది?

తీగలాగు:
ముక్కలుగా పోయింది, ఒక్కో ముక్కకు ఒక్కో కాలం.

అణు సబ్సిడీ వసూలు 2021 జనవరిలో మొదలవ్వాలి. 2020 డిసెంబర్‌లో కోర్టు ఆపింది, 2021 మార్చి 31న హౌస్ బిల్ 128 దాన్ని రద్దు చేసింది. కాబట్టి ఆ 105 కోట్లు జనం కట్టలేదు.

బొగ్గు ముక్క మాత్రం నిలిచిపోయింది. ఎందుకంటే దాని లబ్ధిదారులు వేరు: ఆ రెండు కేంద్రాల్లో వాటాలున్న ఏఈపీ ఒహాయో, డ్యూక్, ఏఈఎస్ ఒహాయో అనే కరెంటు కంపెనీలు. లంచం కేసు ఫస్ట్‌ఎనర్జీ చుట్టూ తిరిగింది గనక "ఇది దాంతో సంబంధం లేనిది" అన్న వాదన సభలో నాలుగేళ్లు నిలబడింది. కానీ చట్టం గెలవడానికి ఓట్లు సమకూరింది ఈ ముక్కలన్నీ ఒకే మూటలో ఉండటం వల్లనే. ఫస్ట్‌ఎనర్జీ కస్టమర్లతో సహా రాష్ట్రమంతా నెలకు గరిష్ఠంగా డాలరున్నర చొప్పున కడుతూనే ఉన్నారు. 2025లో హౌస్ బిల్ 15 వచ్చాక, ఆగస్టు 14 నుంచి అది ఆగింది. అప్పటిదాకా కట్టింది వెనక్కి రాలేదు.

పొదుపు లక్ష్యాలు, పునరుత్పాదక లక్ష్యం పాత స్థాయికి తిరిగి రాలేదు. వాటి కోసం ఎవరూ అరెస్టు కాలేదు కదా, సభలో ఎవరికీ తొందర లేదు.